రెయిన్ హ్యాట్ కొంటున్నారా? 10,000 మి.మీ. అంకె కంటే ముందు చూడాల్సినవి ఇవీ

కొత్త ఫోన్ కొనేటప్పుడు ఐపీ67నా, ఐపీ68నా అని అరగంట కొట్టుకుంటాం. అదే ఫోన్ జేబులో వేసుకుని జులైలో కళసూబాయి ట్రెక్‌కో, మారేడుమిల్లి అడవికో వెళ్లేటప్పుడు నెత్తిన ఏం పెట్టుకోవాలో మాత్రం ఆలోచించం. దొరికిన ప్లాస్టిక్ పాంచో, లేదంటే ఎండకి వాడే బకెట్ టోపీ. గట్టి వాన ఓ అరగంట పడితే రెండూ చేతులెత్తేస్తాయి. కాటన్ టోపీ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పాంచో లోపల చెమటకే తడిసిపోతాం.

దీనికి పరిష్కారం చుట్టూ వెడల్పాటి అంచు ఉన్న వాటర్‌ప్రూఫ్ రెయిన్ హ్యాట్. కానీ ఆన్‌లైన్‌లో వెతికితే స్పెక్ షీట్ ఫోన్ కంటే గందరగోళంగా ఉంటుంది. "10,000 మి.మీ. వాటర్‌ప్రూఫ్, 5,000 గ్రా. బ్రీతబుల్, సీమ్ సీల్డ్, డీడబ్ల్యూఆర్ కోటింగ్". ఇందులో ఏది పని చేసే స్పెక్, ఏది 108 మెగాపిక్సెల్ టైపు మార్కెటింగ్? నా జవాబు ముందే చెప్పేస్తా: టోపీ విషయంలో మి.మీ. అంకె చివర చూడాల్సింది. ముందు చూడాల్సినవి మూడు. కుట్లు, అంచు, గాలి ఆడటం. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

జాకెట్ హుడ్ ఉండగా హ్యాట్ ఎందుకు?

హుడ్ తలకి అతుక్కుని ఉంటుంది. తల పక్కకి తిప్పితే హుడ్ తిరగదు, సగం దృశ్యం బట్టే కనిపిస్తుంది. చెవుల మీద చినుకుల చప్పుడు. వెనకున్న ఫ్రెండ్ పిలిచినా, పక్కన వాగు హోరు పెరిగినా సరిగ్గా వినపడదు. వానాకాలం ట్రెక్‌లో ఇది చిన్న విషయం కాదు. పైన కొండ మీద కురిసిన వానకి కింద వాగు నిమిషాల్లో పొంగుతుంది, ఆ మార్పు ముందు చెవికే తెలుస్తుంది.

హ్యాట్ పెట్టుకుంటే చెవులు తెరిచే ఉంటాయి, మెడ దగ్గర గాలి ఆడుతుంది, పక్కలు కనిపిస్తాయి. కళ్లజోడు వాళ్లకైతే వేరే చెప్పక్కర్లేదు. మన ఫీల్డ్‌లో సగం మందికి కళ్లజోడే కదా! అద్దాల మీద చినుకులు పడితే తడి రాళ్ల మీద అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు.

హ్యాట్ పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. బైక్, సైకిల్ మీద వద్దు. హెల్మెట్ కింద అంచు ఉన్న టోపీ పెడితే హెల్మెట్ తలకి సరిగ్గా కూర్చోదు. తుఫాను స్థాయి గాలిలో కూడా హుడ్‌దే పైచేయి.

10,000 మి.మీ. అంటే అసలేంటి?

దీన్ని హైడ్రోస్టాటిక్ హెడ్ టెస్ట్ అంటారు. బట్ట ముక్కని బిగించి ఒక వైపు నుంచి నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. రెండో వైపు మూడు చోట్ల నీటి చుక్క బయటపడగానే ఆపుతారు. ఆ ఒత్తిడి ఎంత ఎత్తు నీటి స్తంభంతో సమానమో ఆ ఎత్తే మి.మీ. అంకె.

ఫోన్ భాషలో చెప్పాలంటే, ఐపీఎక్స్7 టెస్ట్‌లో ఫోన్‌ని 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచుతారు. 1 మీటరు నీళ్లంటే 1,000 మి.మీ. అంటే 10,000 మి.మీ. బట్ట 10 మీటర్ల లోతు ఒత్తిడిని కాసేపు ఆపగలదు. టోపీ వేసుకుని 10 మీటర్ల లోతుకి ఎవరు దిగుతారు చెప్పండి?

జాకెట్‌కి ఆ అంకె కావాలి. ఎందుకంటే బ్యాగ్ పట్టీలు భుజాల మీద బట్టని నొక్కుతాయి, తడి నేల మీద కూర్చుంటే మన బరువంతా బట్ట మీద పడుతుంది. నొక్కుడు ఉన్న చోటే నీళ్లు లోపలికి దూరతాయి. టోపీ మీద అలా నొక్కేది ఏదీ లేదు. చినుకు పడుతుంది, జారిపోతుంది. బట్టని వాటర్‌ప్రూఫ్ అనడానికి ఔట్‌డోర్ గేర్‌లో మామూలుగా వాడే కనీస అంకె 1,500 మి.మీ. టోపీకి 3,000 నుంచి 5,000 ఉంటే చాలా ఎక్కువే. 20,000 అని రాసినందుకు అదనంగా డబ్బులు పెట్టొద్దు.

లీక్ అయ్యేది బట్ట కాదు, కుట్టు

ఫోన్‌లోకి నీళ్లు గ్లాస్ లోంచి దిగవు, సిమ్ ట్రే దగ్గరో, జాయింట్ల దగ్గరో దిగుతాయి. టోపీ కూడా అంతే. సూది దిగిన ప్రతి చోటా ఓ రంధ్రం ఉంటుంది. టోపీ పై భాగం మూడు నాలుగు ముక్కలు కలిపి కుడతారు కాబట్టి కుట్లన్నీ నడినెత్తికే వస్తాయి, వాన నేరుగా పడేది కూడా అక్కడే.

అందుకే మంచి హ్యాట్‌లో లోపలి వైపు కుట్ల మీద సన్నటి టేప్‌ని వేడితో అతికిస్తారు. ప్రొడక్ట్ ఫొటోల్లో లోపలి వైపు ఫొటో కోసం వెతకండి. కుట్టు పొడవునా మెరిసే పట్టీ కనిపిస్తే ఓకే. "ఫుల్లీ సీమ్ టేప్డ్" అంటే అన్ని కుట్లూ, "క్రిటికల్లీ టేప్డ్" అంటే ముఖ్యమైనవి మాత్రమే. "వాటర్ రెసిస్టెంట్" అని రాసి టేప్ గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే అది చిరుజల్లుల టోపీ అనుకోండి.

లైనింగ్ వేసిన టోపీల్లో టేప్ కనపడదు. అప్పుడు స్పెక్స్‌లో రాసిన మాటే ఆధారం. ఇంకో విషయం: పక్కల్లో గాలి కోసం పెట్టే లోహపు రింగు రంధ్రాలు అంచుకి బాగా పైన, బయటికి తెరుచుకుని ఉంటే గాలివానలో అవే కుళాయిలవుతాయి. పైన చిన్న బట్ట మడత కప్పి ఉన్నవి మేలు.

అంచు ఎంత ఉండాలి? చిన్న లెక్క

2 మి.మీ. చినుకు నేలకి దగ్గరగా సుమారు సెకనుకి 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. గాలి లేనప్పుడు మీరు గంటకి 5 కి.మీ. వేగంతో నడుస్తుంటే వాన మీకు నిలువు నుంచి సుమారు 12 డిగ్రీలు వాలినట్టు ఉంటుంది. అదే మీరు నిలబడి ఉండగా ఎదురుగాలి గంటకి 18 కి.మీ. ఉంటే వాలు 38 డిగ్రీల దాకా వెళ్తుంది.

ఇప్పుడు టోపీ వైపు చూద్దాం. కళ్లజోడు నుదుటి కంటే ఓ 2 సెం.మీ. ముందుకి ఉంటుంది, అద్దం కింది కొస అంచుకి ఓ 7 సెం.మీ. దిగువన ఉంటుంది అనుకుందాం. 5 సెం.మీ. అంచు 23 డిగ్రీల వాలు దాకా అద్దాన్ని కాపాడుతుంది. 7 సెం.మీ. అంచు అయితే 35 డిగ్రీల దాకా. 2 సెం.మీ. తేడాకి రోజంతా అద్దాలు తుడుచుకోవాలా వద్దా అన్నది తేలిపోతోంది. గాలి ఇంకా పెరిగితే తల కాస్త వంచుకోవాలి, ఏ టోపీ అయినా అంతే.

అలాగని 10 సెం.మీ. దాటిన అంచు కూడా తలనొప్పే. గాలికి తెరచాపలా లేస్తుంది, వెనక బ్యాక్‌ప్యాక్‌కి తగిలి టోపీ కళ్ల మీదకి వస్తుంది. నా లెక్కలో 6.5 నుంచి 8 సెం.మీ. మంచి రేంజ్. ముందు అంచులో ఫోమో, సన్నటి తీగో ఉండి గట్టిగా నిలబడాలి. వెనక అంచు మెత్తగా, బ్యాగ్ తగిలితే వంగేలా ఉండాలి. చాలా స్పెక్ షీట్లలో ఈ గట్టిదనం గురించి రాయరు, కస్టమర్ ఫొటోలు చూసి పట్టుకోవాలి. తడిశాక అంచు చెవుల మీదకి వేలాడుతున్న ఫొటో ఒక్కటి కనిపించినా ఆ మోడల్ వదిలేయండి.

వెనక అంచు ముందు దానికంటే పొడవుగా ఉంటే ఇంకా మంచిది. పాతకాలం సముద్ర చేపల వేటగాళ్లు పెట్టుకునే సౌవెస్టర్ టోపీ డిజైన్ అదే, నీళ్లు కాలర్‌లోకి కాకుండా కోటు మీదకి జారాలని. మన పొలాల్లో యూరియా సంచి మూలని లోపలికి మడిచి వేసుకునే కొప్పెర చూడండి, లాజిక్ సేమ్. నెత్తిన పడ్డ నీళ్లు మెడ దాటి వీపు కిందకి పోవాలి, ముందు వైపు గాలి ఆడాలి.

బ్రీతబుల్ అన్న మాటని మన ఎండావానల్లో ఎంత నమ్మొచ్చు?

గోర్‌టెక్స్ లాంటి పొరలో కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. నీటి చుక్క పట్టదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన సాగదీసిన పీటీఎఫ్‌ఈ దీనికి మూలం. టెక్నాలజీ నిజమైనదే. కానీ ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపల వేడి, తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే పోతుంది. చలి దేశంలో బయట 8 డిగ్రీలుంటే ఆ తేడా బాగా ఉంటుంది. మన దగ్గర జులైలో బయట 27 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం దగ్గర ఉంటే ఆవిరిని బయటికి తోసే బలమే తగ్గిపోతుంది.

పైగా "5,000 గ్రా.", "10,000 గ్రా." అంకెల వెనక టెస్ట్ పద్ధతులు వేర్వేరు. ఒక పద్ధతిలో వచ్చిన అంకెని ఇంకో పద్ధతి అంకెతో పోల్చకూడదు. ఎంఏహెచ్ చూసి స్క్రీన్ ఆన్ టైమ్ చెప్పేసినట్టే ఉంటుంది.

అందుకే మన వాతావరణానికి మెంబ్రేన్ కంటే గాలి దారి ముఖ్యం. పక్కల్లో కప్పి ఉన్న మెష్, నెత్తికీ బట్టకీ మధ్య కాస్త ఖాళీ, లోపల చెమట పీల్చే పట్టీ. ఈ మూడూ ఉన్న మామూలు పీయూ కోటింగ్ హ్యాట్, ఇవి లేని ఖరీదైన మెంబ్రేన్ హ్యాట్ కంటే హాయిగా ఉంటుంది. మైనం పూసిన కాటన్ హ్యాట్లు స్టైల్‌గా ఉంటాయి కానీ బరువు ఎక్కువ, మన వేడికి జిడ్డు దేలతాయి.

తలనూనె వాళ్లకి స్పెషల్ నోట్

కొత్త హ్యాట్ మీద నీళ్లు తామరాకు మీద బొట్లలా జారతాయి. అది డీడబ్ల్యూఆర్ అనే పై పూత పని. అది అరిగాక పై బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, నెత్తికి చల్లగా తగులుతుంది. చాలామంది "లీక్ అవుతోంది" అని పారేసేది ఈ స్టేజ్‌లోనే. నిజానికి లోపలి పొర బాగానే ఉండొచ్చు.

ఈ పూతకి పెద్ద శత్రువులు మట్టి, చెమట, నూనె. కొబ్బరినూనె తలతో టోపీ పెడితే అది ముందు లోపలి పట్టీకి, తర్వాత బట్టకి ఎక్కుతుంది. గోరువెచ్చని నీళ్లలో తక్కువ సబ్బుతో చేత్తో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వద్దు. ఆరాక, లేబుల్ ఒప్పుకుంటే పైన పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే పూత మళ్లీ కొంత మేలుకుంటుంది. అయినా జారకపోతే స్ప్రే దొరుకుతుంది.

ఇప్పుడు చాలా బ్రాండ్లు పీఫాస్ రసాయనాలు లేని పూతకి మారాయి. అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో 2025 జనవరి నుంచి బట్టల్లో వాటి మీద ఆంక్షలు కూడా వచ్చాయి. పర్యావరణానికి మంచిదే, కానీ కొత్త పూతలకి నూనెని తట్టుకునే శక్తి తక్కువ. అంటే ఉతకడం ఇంకాస్త తరచుగా అన్నమాట. తడి టోపీని బ్యాగ్‌లో కుక్కి నెలలు వదిలేస్తే మాత్రం పీయూ కోటింగ్ బంకలా సాగి, పొరలుగా ఊడిపోతుంది.

ఆర్డర్ పెట్టే ముందు, వచ్చాక

ముందు సైజు. చెవులకి 1 సెం.మీ. పైన, నుదుటి మధ్యగా దారం చుట్టి స్కేల్ మీద కొలవండి. రెండు సైజుల మధ్యలో ఉంటే పెద్దది తీసుకుని వెనక సర్దుకునే తాడుతో బిగించుకోండి. జడ వేసుకునేవాళ్లు పోనీటెయిల్ కంత ఉన్న మోడల్స్ జోలికి పోవద్దు, ఆ కంత లోంచే నీళ్లు మెడ మీదకి దిగుతాయి. గడ్డం కింద తాడు తప్పనిసరి. కొమ్మకి చిక్కుకుని లాగితే ఊడిపోయే క్లిప్ ఉంటే సేఫ్.

పార్సిల్ వచ్చాక ట్యాగ్ తీయకుండా మూడు పొడి టెస్టులు చేయండి. లోపలికి టార్చ్ వేసి టేప్ ఎక్కడైనా లేచిందా చూడండి. తల గట్టిగా అటూ ఇటూ ఊపండి, టోపీ కదలకూడదు. బ్యాక్‌ప్యాక్ వేసుకుని పైకి చూడండి, వెనక అంచు తగిలి టోపీ ముందుకి రాకూడదు. ఇవి పాస్ అయితే ఉంచుకోండి. తర్వాత బోర్లించిన గిన్నె మీద టిష్యూ పేపర్ పరిచి, టోపీ పెట్టి, షవర్ కింద పది నిమిషాలు వదిలేయండి. టిష్యూ ఎక్కడ తడిసిందో చూస్తే ఏ కుట్టు బలహీనమో తెలిసిపోతుంది.

ఎవరికి ఏది?

వీకెండ్ ట్రెక్కర్లకి: సీమ్ టేప్, 7 సెం.మీ. అంచు, పక్కల్లో మెష్ ఉన్న పీయూ కోటింగ్ హ్యాట్ చాలు. ఫొటోగ్రఫీ వాళ్లకి: ముందు అంచు పైకి మడిచి నిలబెట్టగలిగే మోడల్, లేకపోతే వ్యూఫైండర్‌కి కన్ను ఆనదు. హిమాలయాలకి, విదేశీ చలి వానలకి వెళ్లేవాళ్లకి: అక్కడ మెంబ్రేన్ హ్యాట్‌కి పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది.

ఒక్కటి మాత్రం ఏ హ్యాట్ వల్లా కాదు. ఉరుము వినపడిందంటే కొండ శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద ఉండకూడదు, వెంటనే కిందకి దిగాలి. పుణెలోని ఐఐటీఎం శాస్త్రవేత్తలు తయారుచేసిన దామిని యాప్ మీరున్న చోటి దగ్గర్లో పిడుగుల హెచ్చరిక ఇస్తుంది, ఫ్రీ. కాకపోతే అడవిలో సిగ్నల్ ఉండకపోవచ్చు, కాబట్టి బయల్దేరే ముందే ఓసారి చూసుకోండి. అక్కడికి వెళ్లాక ఉరుము వినాల్సింది మీ చెవులే.