కాలానికీ హక్కుదారులున్నారు

కొబ్బరి తోటలు, వరిచేలు, రొయ్యల చెరువుల నడుమనున్న కాట్రేనికోనలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. చెరువు గట్టు మీద మేత వేళ తప్పకూడదు. కొబ్బరి దింపు, ఒలుపు పనివారు ఎండ ముదరకముందే తోటకు చేరాలి. ముమ్మిడివరంలోనో, అమలాపురంలోనో ఉద్యోగమైతే బస్సు వేళ చూసుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే ఇంట్లో పొయ్యి వెలిగించింది మొదలు దీపం ఆర్పేదాకా పరుగే. ఈ పరుగులో మొదట కోతపడేది నమాజు, తర్వాత పిల్లలు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "టైం లేదండీ!"

నిజంగా కాలమే లేదా? దివ్య ఖుర్ఆన్‌లోని 103వ సూరా 'అల్ అస్ర్' కాలంపై ప్రమాణంతోనే మొదలవుతుంది. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు.

హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతూ ఇంటివారిని మరచిపోయారు. అది చూసి హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) ఆయనను వారించారు. ప్రభువుకూ, మన శరీరానికీ, ఇంటివారికీ మనపై హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికి ఇవ్వాలని చెప్పారు. సల్మాన్ మాట నిజమేనని ప్రవక్త (స) ధ్రువీకరించారు. ఆరాధనే ఆలుబిడ్డల హక్కును మింగరాదంటే, సంపాదన మింగవచ్చునా?

అందుచేత రోజును గంటలుగా కాక నమాజు వేళలుగా విభజించుకోవాలని మేము కోరుతున్నాము. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు సమీపంగానే పోతుంది. కనుక కాట్రేనికోనలో గడియారం 12 చూపే వేళకు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. పొద్దు చూసి పని చేసుకునే ఊరికి నమాజు వేళలు కొత్త కాదు.

ఉదయపు వేళల్లో తన సమాజానికి శుభం కలగాలని ప్రవక్త (స) దుఆ చేశారు. హజ్రత్ సఖ్ర్ (రజి) అనే వర్తకుడు సరుకును పెందలకడనే పంపేవారు, సంపన్నులయ్యారు. ఫజ్ర్ తర్వాత మళ్లీ పడుకోకుంటే, పిల్లల ఖుర్ఆన్ పాఠానికి పావుగంట దొరకదా? మగ్రిబ్, ఇషాల నడుమ సమయం బడి పాఠాలకూ, కలిసి భోజనం చేయడానికీ కేటాయించండి. ఆ కాసేపు టీవీ, సెల్‌ఫోన్ పక్కన పెట్టండి. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తర్వాత కాలక్షేపం కబుర్లనూ ప్రవక్త (స) ఇష్టపడలేదు. రాత్రి ఆలస్యంగా పడుకునే ఇంట్లో ఫజ్ర్ నిలవదు.

అయితే ఒక మాట. తెల్లవారుజామున లేచేది తల్లి ఒక్కతే అయితే అది శుభం కాదు, బరువే. చెరువు నుంచో, ఆఫీసు నుంచో వచ్చిన భర్త మంచమెక్కితే, అదే వేళకు పని నుంచి వచ్చిన భార్య వంటింట్లోకి వెళ్లడం మన ఇళ్లలో మామూలే. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) చెప్పారు. ఆయన కంటే తీరిక లేనివారు మనలో ఎవరు? నీళ్లు పట్టడం, పిల్లలను బడికి తయారుచేయడం, అంట్లు తోమడం మగవారికి నామోషీ కాదు, సున్నత్. మగపిల్లలకూ చిన్ననాటి నుంచే ఈ పనులు అప్పగించాలి.

జుమా పిలుపు వినగానే వ్యాపారం ఆపమని, నమాజు ముగిశాక భూమిపై వ్యాపించి దైవానుగ్రహాన్ని అన్వేషించమని ఖుర్ఆన్ 62వ సూరా ఆదేశిస్తుంది. పనికీ వేళ ఉంది, ప్రార్థనకూ వేళ ఉంది. పిల్లలకు మాత్రం లేకపోతే ఎలా? పంట ఈ ఏడు పోతే వచ్చే ఏడు వస్తుంది. బిడ్డ బాల్యం మళ్లీ రాదు.

ఈ జుమా నాడే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఇంటి పనులు పంచుకోండి. అల్లాహ్ మన కాలంలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.