ఎండ, గాలి, నీరు ఒకే తీగ మీద

మహారాష్ట్రలోని వరోరా నుంచి బయలుదేరిన 765 కిలోవోల్టుల లైను వరంగల్ సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. అదే ప్రాజెక్టు కింద వేసిన మరో లైను చిలకలూరిపేట నుంచి హైదరాబాద్ మీదుగా కర్నూలు దాకా సాగుతుంది. మొత్తం 1,756 సర్క్యూట్ కిలోమీటర్ల ఈ వ్యవస్థ 2023లో పూర్తయింది. సింగరేణి బొగ్గుకు అలవాటుపడ్డ ఓరుగల్లుకు ఇప్పుడు రాయలసీమ ఎండా గాలీ కూడా దగ్గరి చుట్టాలే.

అయితే ఈ చుట్టాలు పిలిచినప్పుడు రారు, వీలున్నప్పుడు వస్తారు. గ్రిడ్‌కు ఆ ఓపిక లేదు. వాడకం ఎంతో ఉత్పత్తీ ఆ క్షణాన అంతే ఉండాలి. తేడా వస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది. మన దేశంలో దాన్ని 49.90, 50.05 మధ్య నిలపాలన్నది నియమం. సోలార్ ఉత్పత్తి మధ్యాహ్నం ఉప్పొంగి, ఇళ్లలో లైట్లు వెలిగే వేళకు సున్నా అవుతుంది. రాయలసీమ గుట్టల మీద గాలి జూన్ నుంచి సెప్టెంబరు దాకా జోరుగా వీస్తుంది. ఎండను మబ్బు కమ్మే నెలలు కూడా సరిగ్గా అవే! ఒకటి తగ్గినప్పుడు మరొకటి అందుకుంటుంది. పైగా రాత్రి ఖాళీగా పడి ఉండే సోలార్ లైను మీద గాలి కరెంటునూ పంపొచ్చు.

అయినా గాలీ ఎండా రెండూ లేని సాయంత్రాలు ఉంటాయి. అక్కడే నీటి అవసరం.

కర్నూలు సమీపంలోని పిన్నాపురం ప్రాజెక్టు ఈ మూడింటినీ కలిపే ప్రయత్నం. గ్రీన్‌కో సంస్థ చేపట్టిన దీనికి 2022 మే 17న శంకుస్థాపన జరిగింది. అప్పుడు ప్రకటించిన మొత్తం సామర్థ్యం 5,230 మెగావాట్లు: సోలార్ 3,000, పవన విద్యుత్ 550, పంప్డ్ స్టోరేజీ 1,680. పంప్డ్ స్టోరేజీలో ఒకటి ఎత్తున, మరొకటి పల్లంలో రెండు జలాశయాలుంటాయి. మిగులు కరెంటుతో నీటిని పైకి తోడతారు, డిమాండు పెరిగినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నదికి అడ్డంగా కట్టే ఆనకట్ట లేదు. గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నీళ్లు తెచ్చుకుంటే, ఆ తర్వాత ఆవిరైనంత మేరకు నింపుకుంటే చాలు. తోడటానికి నూరు యూనిట్లు ఖర్చయితే తిరిగొచ్చేవి 75 నుంచి 80. ఆ నష్టం భరించదగ్గదే, ఎందుకంటే మధ్యాహ్నం యూనిట్‌కూ రాత్రి యూనిట్‌కూ విలువ ఒకటి కాదు.

తెలంగాణకూ ఈ విద్య కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు వెనక్కి తిరిగి పంపులుగానూ పనిచేసేలా రూపొందించినవే. నీటికీ ఎండకూ మరో రకం జోడీ కూడా ఉంది: రామగుండంలో ఎన్టీపీసీ తన జలాశయం మీదే, సుమారు 500 ఎకరాల్లో, 100 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రాన్ని 2022లో పూర్తిచేసింది. సాగుభూమి పోలేదు, నీరు ఆవిరవడమూ తగ్గింది.

కలపడంలో కనిపించని చిక్కు ఇంకొకటుంది. సోలార్ పలక ఇచ్చే డీసీని ఇన్వర్టర్ ఏసీగా మార్చి, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజు మూడింటినీ గ్రిడ్‌తో జతకుదర్చాలి. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ ఉన్నట్టుండి ఆగినా, మిగతా కేంద్రాల్లో తిరుగుతున్న బరువైన రోటర్ల జడత్వం గ్రిడ్‌ను కొన్ని క్షణాలు నిలబెడుతుంది. పలకలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ ఊతం ఉండదు. 2016 సెప్టెంబరు 28న తుపానుకు దక్షిణ ఆస్ట్రేలియాలో లైన్లు కూలాయి, రక్షణ సెట్టింగుల వల్ల అనేక గాలిమరలు తప్పుకున్నాయి, రాష్ట్రమంతా చీకటైంది. ఆ మరుసటి ఏడాదే అక్కడ 100 మెగావాట్ల హార్న్స్‌డేల్ బ్యాటరీ వచ్చింది. మనకైతే జలవిద్యుత్ టర్బైన్లు నిల్వతో పాటు ఆ జడత్వాన్నీ ఇస్తాయి. అందుకే సోలార్ పార్కుల కంటే ముందుగా శ్రీశైలం పంపుల మీద శ్రద్ధ పెట్టాలి.

2025 మార్చిలో తెలంగాణ గరిష్ఠ డిమాండు 17,000 మెగావాట్లు దాటింది. ఇకపై ఏ కొత్త ప్రాజెక్టు మెగావాట్లు విన్నా పాఠకులు ఒక్క ప్రశ్న వేయాలి: సాయంత్రం ఏడింటికి అందులో ఎంత అందుతుంది?