పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్: కొనేటప్పుడు ఒక్క ప్రశ్న, ఏడాదికి ఒక్క కటింగ్

"అక్కా, మొక్కలంటే ఇష్టమే, కానీ రోజూ చూసుకునే టైమ్ లేదు" అని చాలామంది అడుగుతున్నారు కదా. ఈరోజు ఎపిసోడ్ మీ కోసమే. పార్కుల్లో, ఆఫీసుల ముందు వంకాయ రంగు ఆకులతో, నక్కతోకలాంటి కంకులతో గాలికి ఊగే గడ్డి చూసే ఉంటారు. అదే పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్.

ముందు కొనే సంగతి చెప్పుకుందాం. ఇందులోనే ఆకుపచ్చ రకం ఒకటుంది. చూడ్డానికి బాగుంటుంది, చిక్కంతా దాంతోనే. దాని గింజలు గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. హవాయి దీవుల్లో అందం కోసం తెచ్చి నాటితే, తోటలు దాటి కొండలకు పాకింది. ఆ ఎండుగడ్డికి నిప్పంటుకుంటే అక్కడి చెట్లు కాలిపోతాయి, ఇది మాత్రం మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. 2017లో యూరోపియన్ యూనియన్ కూడా దీన్ని ప్రమాదకరమైన పరాయి మొక్కల జాబితాలో పెట్టింది.

పర్పుల్ రకానికి మొలిచే గింజలు దాదాపు రావు. అందుకే నర్సరీలో ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఇది గింజ వేసి పెంచిందా, దుబ్బు విడదీసి పెంచిందా?" గింజ అంటే తీసుకోకండి.

ఇక పెంపకం. దీనికి కావాల్సింది ఎండ, కనీసం 6 గంటలు. నీడలో పెడితే ఆకుల రంగు పచ్చబడిపోతుంది, కంకులు తగ్గిపోతాయి. 12 అంగుళాల కుండీ చాలు, అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టిలో కొంచెం ఇసుక, కొంచెం వర్మీకంపోస్ట్ కలపండి. ఎరువు ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరిగి, నిలబడలేక పక్కకు వాలిపోతాయి.

నీళ్లెప్పుడు పోయాలి? వేలు మట్టిలోకి గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే పోయండి. మే నెల ఎండల్లో కుండీ త్వరగా ఆరిపోతుంది, అప్పుడు రోజూ చూసుకోవాలి. వానాకాలంలో మాత్రం కుండీ కింద ప్లేట్ తీసేయండి. నీళ్లు నిలిస్తే వేర్లు కుళ్లిపోతాయి.

అసలైన పని ఏడాదికి ఒక్కసారే. చలి తగ్గాక, ఫిబ్రవరిలో, దుబ్బు మొత్తాన్ని తాడుతో జడలా కట్టి, మట్టికి జానెడు లోపు ఎత్తు ఉంచి కత్తిరించేయండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆకు అంచులు కోసుకుంటాయి. మొదటిసారి నేనూ భయపడ్డాను, బోడిగా కనిపిస్తే చచ్చిపోయిందేమో అనుకున్నాను. కొన్ని వారాలకే కొత్త ఆకులు వచ్చేశాయి.

రెండు మూడేళ్లకు దుబ్బు మధ్యలో ఎండిపోతుంటే, తొలకరి వానలప్పుడు తవ్వి, నిమ్మగడ్డిలాగే పిలకలు విడదీసి నాటుకోండి. ఒక కుండీ మూడు కుండీలవుతుంది. ఒకటి ఫ్రెండ్‌కి ఇవ్వండి.

అమెరికాలో చలి ఎక్కువుండే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఒక మాట: ఇది గడ్డకట్టే చలికి తట్టుకోదు. మంచు పడకముందే కుండీ ఇంట్లోకి తెచ్చేయండి.

ఈ ఆదివారం నర్సరీకి వెళ్తే ఆ ఒక్క ప్రశ్న మాత్రం మర్చిపోకండి. మళ్లీ కలుద్దాం, బై!