సముద్రానికి తెరుచుకునే విడిది ఇల్లు

సముద్రపు ఒడ్డున కట్టే విడిది ఇంటికి మొదటి కొలత పోటు గీత దగ్గర మొదలవుతుంది. 2019 నాటి తీర నియంత్రణ నిబంధనల ప్రకారం జనసాంద్రత తక్కువున్న పల్లె తీరాల్లో ఆ గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త ఇళ్లు కట్టకూడదు. ఈ దూరం ఇంటికీ మేలే. మధ్యలో మిగిలే ఇసుక దిబ్బలు, వాటి మీద పాకే తీగలు అలల ఉధృతిని కొంత ఆపుతాయి. కిటికీలోంచి నీళ్లు బాగా కనిపించాలని దిబ్బను చదును చేయించేవారు ఆ రక్షణను చేతులారా పోగొట్టుకుంటారు.

వరంగల్ నుంచి రైల్లో వెళ్లేవారికి అందుబాటులో ఉన్న బాపట్ల సూర్యలంకలోనైనా, పైన భీమిలిలోనైనా సముద్రం ఉండేది తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లోనే. పొద్దున ఎండ నీళ్ల మీదుగా ఏటవాలుగా లోపలికి వస్తుంది. దాన్ని చూరు ఆపలేదు, దించుకునే వెదురు తెరలే ఆపాలి. పగలు నేల వేడెక్కాక గాలి సముద్రం నుంచి ఇంటివైపు వీస్తుంది, రాత్రి దిశ మారుతుంది. అందుకే ఎదురెదురు గోడలు రెండింటికీ కిటికీలు ఉండాలి. ఒకవైపే పెద్ద అద్దం బిగిస్తే కనులపండువగా ఉంటుంది గానీ, గది ఉడికిపోతుంది.

తెరిచి ఉంచడం సులువు, మూయడమే కష్టం. తుపాను గాలి ఒక పక్కనుంచి జొరబడి బయటికి దారి లేకపోతే కప్పును లోపలినుంచి ఎత్తుతుంది. పైన పారే గాలి అదే కప్పును లాగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా కుదిపిందో తెలిసిందే. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు ఇందుకు పాత జవాబు: గుండ్రటి మట్టి గోడ, దాదాపు నేలదాకా దిగిన తాటాకు కప్పు. గాలికి పట్టు దొరకదు. అయితే లోపల చీకటి. సెలవులకు వచ్చినవారు అందులో కూర్చుని సముద్రం చూడలేరు.

కాబట్టి ఇంటిని రెండుగా ఆలోచించడం మంచిది. నడుమ నాలుగు వాలుల కప్పుతో, గట్టి తలుపులతో ఒక చిన్న గది. చుట్టూ లోతైన వసారా. పగలు బతుకంతా వసారాలోనే. వసారా కప్పును గది కప్పుతో కలపకుండా విడిగా వేస్తే, తుపానులో అది ఎగిరిపోయినా లోపలి కప్పు నిలుస్తుంది. గది పెద్దది కానక్కరలేదు. ఫ్రాన్స్‌లో మధ్యధరా తీరాన వాస్తుశిల్పి లె కోర్బూజియే 1952లో తనకోసం కట్టుకున్న చెక్క గది 3.66 మీటర్ల భుజం గల చదరమే.

మిగతాదంతా ఉప్పుతో పోరు. ఉప్పు కాంక్రీటులోకి దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, స్లాబు పెచ్చులూడుతుంది. ఒడ్డు ఇసుకను సిమెంటులో కలపకూడదు. బందులు, గడియలు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో అయితే మన్నుతాయి. సముద్రంవైపు దీపాలకు మూత ఉండాలి. గుడ్లలోంచి వచ్చే తాబేలు పిల్లలు వెలుగును చూసే దారి పడతాయి, ఇంటి దీపం వాటిని నీళ్లకు దూరంగా లాగుతుంది.

వసారా నేల మీదికి దట్టమైన బొచ్చు గల తివాచీ పనికిరాదు, అందులో ఇసుక ఇరుక్కుంటుంది. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే నూలు జంపఖానా ఇక్కడ సరిగ్గా అమరుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలివే. బొచ్చు ఉండదు, దులిపితే ఇసుక రాలిపోతుంది, ఎండకు రంగు వెలవకుండా మధ్యాహ్నం చుట్టి లోపల పెట్టవచ్చు. ఉప్పు తేమ పట్టినప్పుడు మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేస్తే చాలు.