కారు లేకుండా కాకినాడ

మీ రెజ్యూమె ఒకసారి తీయండి. చివర్లో 'హాబీస్' అని ఉన్నచోట ఏం రాశారు? చాలామంది 'ట్రావెలింగ్' అనే రాస్తారు. నేనూ అదే రాశాను. బీటెక్ అయిపోయి ఎనిమిది నెలలైంది. అది నాలుగో ఇంటర్వ్యూ. ఎదురుగా కూర్చున్నాయన ఆ మాట మీద వేలు పెట్టి, 'ఈమధ్య ఎక్కడికి వెళ్ళారు?' అన్నారు. అరకు అన్నాను. 'అక్కడేం చూశారు?' అన్నారు.

ఏం చెప్పను? ఫ్రెండ్ వాళ్ళ కారులో వెళ్ళాం. ఆపమన్న చోట ఆపారు, ఫొటోలు దిగాం, మళ్ళీ ఎక్కాం. 'చాలా బాగుంది సార్' అన్నాను. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు.

ఆ ఉద్యోగం రాలేదు. ఆ జవాబు వల్లే పోయిందని అనను. కానీ ఇంటికొచ్చాక కోడింగ్ రౌండ్‌లో తప్పు కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంది. మన గురించి మనమే రాసుకున్న ఒక్క ముక్క గురించి రెండు వాక్యాలు చెప్పలేకపోవడం ఏంటి?

ఆ వారమే కాకినాడ బయల్దేరాను. 'ఉద్యోగం సద్యోగం లేకుండా ఈ షికార్లేంట్రా' అన్నారు నాన్న. అమ్మ ఏమీ అనకుండా రెండు వేలు చేతిలో పెట్టింది. ఆరేళ్ళ కిందటి మాట. రైలు, లాడ్జి, తిండి, ఆటోలు అన్నీ ఆ రెండు వేలలోపే సరిపోయాయి. ఇప్పుడు మీకు ఇంకొంచెం ఎక్కువవుతుంది. అయినా కారు అద్దెకు తీసుకునే ఖర్చుతో పోలిస్తే తక్కువే.

ఈ ఊరే ఎందుకు?

కారు లేనివాళ్ళకి కాకినాడ సులువైన ఊరు. హైదరాబాద్ వైపు నుంచి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే కాకినాడ టౌన్ స్టేషన్‌లో దిగొచ్చు. మెయిన్ లైన్ మీద వెళ్ళే వేరే రైలు దొరికితే సామర్లకోట జంక్షన్‌లో దిగండి. అక్కడి నుంచి కాకినాడ పదిహేను కిలోమీటర్లు. బస్సులూ ఆటోలూ దొరుకుతాయి.

ఊళ్ళో ఎత్తుపల్లాలు లేవు. వీధులు గళ్ళ నోట్‌బుక్‌లా నిలువూ అడ్డంగా ఉంటాయి, దారి తప్పడం కష్టం. మెయిన్ రోడ్డు, మసీదు సెంటర్, భానుగుడి జంక్షన్.. ఈ మూడు పేర్లు గుర్తుంటే షేర్ ఆటోవాళ్ళతో మాట్లాడొచ్చు.

మొదటి రోజు: రేవు ఎలా బతుకుతోందో చూడండి

లాడ్జిలో బ్యాగు పడేసి, పెసరట్టు ఉప్మా తిని నడక మొదలుపెట్టండి. మెయిన్ రోడ్డు దాటి జగన్నాథపురం వంతెన దాకా వెళ్ళండి. ఒకప్పుడు ఈ జగన్నాథపురం డచ్చివాళ్ళ స్థావరం. 1825లో అది ఇంగ్లిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. వంతెన మీద నిలబడితే కింద చేపల పడవలు కనిపిస్తాయి. పొద్దున్నే రేవు వైపు వెళ్తే వేలం పాటలు, ఐసు తట్టలు, బేరాలాడే ఆడవాళ్ళు. కారులో అయితే హారన్ కొట్టుకుంటూ ఆ వంతెన దాటేసేవాణ్ని. నడిచాను కాబట్టి అక్కడ గంటన్నర నిలబడిపోయాను.

నన్ను ఎక్కువ ఆపింది బార్జీలు. కాకినాడ దగ్గర సముద్రం తీరం వెంట లోతుండదు. గోదావరి తెచ్చే ఒండ్రే దానికి కారణం. అందుకని పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేస్తాయి. సరుకు లారీలో రేవుకొస్తుంది, బార్జీలోకి మారుతుంది, బార్జీ వెళ్ళి ఓడకు అందిస్తుంది. మన దేశం నుంచి బియ్యం ఎక్కువగా ఎగుమతయ్యే ఓడరేవుల్లో ఇదొకటి. 1997లో డీప్ వాటర్ పోర్టు మొదలయ్యాక పెద్ద ఓడలు నేరుగా బెర్తుకు వస్తున్నాయి. అయినా పాత పద్ధతి పోలేదు.

నడి సముద్రంలో బార్జీ నుంచి ఓడలోకి బస్తాలు ఎక్కించడం ఎలా కుదురుతుంది? అలలు ఊరుకుంటాయా? ఫోన్‌లో మ్యాప్ తీసి చూడండి. కాకినాడకు ఎదురుగా సన్నటి ఇసుక పట్టీ ఒకటి కనిపిస్తుంది. అదే హోప్ ఐలాండ్. దాదాపు రెండు వందల ఏళ్ళలో గోదావరి ఇసుకతో ఏర్పడింది. పదహారు కిలోమీటర్లకు పైగా పొడవు. బంగాళాఖాతం అలలకు అదే అడ్డుగోడ. అంటే లోతు తగ్గించిన నదే గోడ కూడా కట్టిపెట్టింది. నాలుగేళ్ళు 'బాటిల్‌నెక్' అనే మాట పుస్తకాల్లో చదివిన నాకు, అది కళ్ళకు కనిపించింది ఆ రోజే.

సాయంత్రం బీచ్‌కి షేర్ ఆటోలో వెళ్ళండి. చీకటి పడ్డాక దూరంగా ఓడల దీపాలు వరుసగా వెలుగుతాయి. తిరిగొచ్చేటప్పుడు గొట్టం కాజా తినకుండా రాకండి.

రెండో రోజు: కోరంగిలో రెండు గంటలు

యానాం వెళ్ళే బస్సెక్కి కోరంగి అభయారణ్యం దగ్గర దింపమని కండక్టర్‌కి చెప్పండి. ఇరవై కిలోమీటర్ల లోపే. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెక్క వంతెన మీద చెట్ల మధ్య నడవొచ్చు, పడవలో కాలువ వెంట వెళ్ళొచ్చు.

నేను వెళ్ళేసరికి పడవలు ఆగి ఉన్నాయి. 'పాటండి బాబూ. నీళ్ళెక్కితేగానీ పడవ కదలదండి' అన్నాడు పడవాయన. రెండు గంటలు ఆగాలట. నా ముందు కారులో వచ్చినవాళ్ళు విసుక్కుని వెనక్కి తిప్పుకున్నారు. నాకు ఆ సౌకర్యం లేదు, తర్వాతి బస్సు ఎప్పుడో. కూర్చున్నాను.

నీళ్ళు తీసిన బురదలో నిటారుగా లేచిన శ్వాస వేర్లు కనిపించాయి. బురదలో గాలి అందదు కాబట్టి మడ చెట్లు వేర్లను పైకి పంపించి ఊపిరి పీల్చుకుంటాయి. పోటు మీద వచ్చి ఉంటే అవి నీళ్ళలో మునిగి ఉండేవి.

కూర్చున్నాక మాటలు కలిశాయి. ఏం చేస్తున్నావని అడిగితే ఉద్యోగం వెతుక్కుంటున్నానన్నాను. 'మా తాతగారి నాన్న ఉద్యోగానికి రంగం వెళ్ళాడండి' అన్నాడు. రంగం అంటే రంగూన్. ఒకప్పుడు ఈ తీరం నుంచి వేలమంది తెలుగువాళ్ళు స్టీమర్లెక్కి బర్మా వెళ్ళారు. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. అక్కడివాళ్ళు మనవాళ్ళని 'కొరంగీలు' అనే పిలిచేవారు. ఆ పేరు ఈ కోరంగిదే. 1839 నవంబర్‌లో వచ్చిన పెను ఉప్పెన ఈ ఊరిని ముంచేసింది. దీని వెలుగు తగ్గి కాకినాడ రేవు పెరిగింది. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాక, వెళ్ళినవాళ్ళలో చాలామంది అన్నీ వదిలేసి తిరిగొచ్చారు.

లింక్డిన్‌లో స్టేటస్ 'ఓపెన్ టు వర్క్' అని పెట్టుకుని, నా ఒక్కడికే ఈ కష్టం వచ్చిందనుకుంటున్న రోజులవి. అక్షరం ముక్క రాకుండా, భాష తెలియని దేశానికి ఓడెక్కిన మనుషుల ఊళ్ళో కూర్చుని విన్నాను. నా సమస్య తీరిపోలేదు. కానీ దాని సైజు నాకు తెలిసింది.

పోటొచ్చింది. పడవ కదిలింది.

టైమ్ మిగిలితే ఉప్పాడ బస్సెక్కండి. జాందానీ చీరలు నేసే ఊరు. మగ్గం చూడాలనుకుంటే ముందు అడిగి లోపలికి వెళ్ళండి. సముద్రం అక్కడ ఒడ్డును కోసేస్తూ ఉంటుంది. తుపాను రోజుల్లో బీచ్ రోడ్డు దెబ్బతింటుంది కాబట్టి, ఏ దారిలో బస్సు వెళ్తోందో కనుక్కోండి.

ఇవి మర్చిపోవద్దు

- ఎక్కడ దిగినా మొదటి పని, తిరుగు బస్సు చివరిది ఎప్పుడో అడగడం.
- పడవలు పోటునీ, వాతావరణాన్నీ బట్టి నడుస్తాయి. ముందురోజే వాకబు చేయండి. అక్టోబర్, నవంబర్‌లలో తుపాను హెచ్చరికలు చూసుకుని బయల్దేరండి.
- పోర్టు లోపలికి అనుమతి లేకుండా వెళ్ళనివ్వరు. గేట్ల దగ్గర ఫొటోలు తీయకండి. ఐడీ కార్డు దగ్గరుంచుకోండి.
- ఒంటరిగా వెళ్తే లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళకి పంపండి, చీకటి పడేలోపు ఊళ్ళోకి వచ్చేయండి.
- ఏదైనా పరీక్షకి సెంటర్ కాకినాడలో పడితే, తిరుగు టికెట్ ఒక రోజు ఆలస్యంగా తీసుకోండి. ప్రయాణ ఖర్చు ఎలాగూ పెడుతున్నారు.
- రాత్రి పడుకునే ముందు ఆ రోజు చూసిన మూడు విషయాలు, ఒక 'ఎందుకు' ఫోన్‌లో రాసుకోండి.

రెండు నెలల తర్వాత ఇంకో ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. బార్జీల గురించి, ఇసుక పట్టీ గురించి చెప్పాను. 'మరి ఆ ఇసుక పట్టీ కరిగిపోతే?' అని అడిగారావిడ. అయిదు నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ ఉద్యోగమూ రాలేదు. ఆ తర్వాతది వచ్చింది. అయినా ఆ రోజు బయటికి వచ్చేటప్పుడు నా రెజ్యూమెలో ఆ ఒక్క మాట నిజమే అనిపించింది.

మీ ఊరికి దగ్గర్లో కూడా ఇలాంటి ఊరొకటి ఉంటుంది. బస్సు టైమ్ కనుక్కోండి.