నాచారము నేల క్రింది పొరలు

హబ్సిగూడ నుండి ఉప్పలుకు పోవు మార్గమున, 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కలదు. దాని పొడి పేరైన ఎన్.జి.ఆర్.ఐ. తోనే అచ్చట మెట్రో స్టేషనొకటి వెలసినది. నేలను త్రవ్వకయే దాని అంతరంగమును గ్రహించు విద్యలకు దేశమున ముఖ్యస్థానమైన ఈ సంస్థ చెంతనే యుండియు, బోరు పాయింటు పెట్టించుకొనవలసి వచ్చినపుడు అరచేతిలో కొబ్బరికాయ నిలుపుకొని తిరుగువానినే పిలుచుకొను గృహస్థులు మన నాచారమున లేకపోలేదు. కొబ్బరికాయ నిలిచినను పొర్లినను ఆ తీర్పును మరల పరీక్షించుటకు దారి లేదు. నేలలోనికి విద్యుత్తును పంపి పొరలను గుర్తించు విద్యున్నిరోధ సర్వే గొప్పతనమంతయు, తాను పొరపడవచ్చునని ముందే ఒప్పుకొని, ఎంతమేర పొరపడగలదో లెక్క చూపుటలో నున్నది.

హైదరాబాదు నగరము సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటుపై కూర్చున్నది. పైన కొంత మట్టి, దాని క్రింద బోరుబండివారు మొరమని పిలుచు శిథిలశిల, ఆ తరువాత పగుళ్ళు వారిన రాయి, అట్టడుగున పగులెఱుగని గట్టి బండ — ఇది స్థూలముగా ఇచ్చటి వరుస. నీరు మొరములో నిలిచి, పగుళ్ళ వెంట కదలును. గట్టి గ్రానైటు విశిష్ట నిరోధము, అనగా విద్యుత్తును అడ్డగించు గుణపు కొలత, వేల ఓమ్-మీటర్లుండగా, తడిసిన మొరమునకు అది తఱచుగా 20 మొదలు 100 వరకే యుండును. బంకమన్నుకు ఇంకను తక్కువ. లవణములు కరగినకొలది నీటి నిరోధము తగ్గును గనుక, పారిశ్రామికవాడ గల నాచారము వంటిచోట అంకె తగ్గినంతనే మంచినీరు దొరకినదని సంతోషింపరాదు.

పని చూచుటకు సామాన్యమైనదే. ఒకే వరుసలో నాలుగు ఉక్కు మేకులు దిగగొట్టి, నేల ఎండియున్నచో వెలుపలి మేకుల మొదట ఉప్పునీరు పోసి, వాని ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెండింటి నడుమ వోల్టేజిని కొలుతురు. వెలుపలి మేకుల మధ్య 20 మీటర్లు, లోపలివాని మధ్య 2 మీటర్లు ఎడముండగా, 100 మిల్లీ ఆంపియర్లకు 50 మిల్లీ వోల్టులు వచ్చెననుకొందము. వోల్టేజిని విద్యుత్తుచే భాగించిన 0.5 ఓములను, ఆ దూరములకు తగిన గుణకమగు 155తో హెచ్చింపగా, ఇంచుమించు 78 ఓమ్-మీటర్లు వచ్చును. ఇది ఏ ఒక్క పొరదియు కాదు, విద్యుత్తు తాకిన పొరలన్నిటి కలగలుపు. దీనిని ఆభాస విశిష్ట నిరోధమనవచ్చును. వెలుపలి మేకులను దూరము జరిపినకొలది విద్యుత్తు లోతునకు దిగును, అంకె మారును. ఆ మార్పులను గ్రాఫు కాగితముపై గుర్తించిన వక్రరేఖ యేర్పడును. ఈ మార్గమునకు ఆద్యుడు ఫ్రాన్సు దేశపు కాన్రాడ్ ష్లంబర్జే. నార్మండీలో 1912లో ఆయన తొలి ప్రయోగములు చేసెను.

మన ప్రాంతమున ఆ రేఖ తఱచుగా ఎండుమట్టి వలన ఎత్తున మొదలై, తడిమొరము వద్ద క్రుంగి, బండ తగులగానే మరల లేచును. పూర్వము దానిని ముందుగా లెక్కించి అచ్చువేసిన ప్రమాణరేఖలపై నిలిపి సరిచూచెడివారు. నేడు కంప్యూటరు కొన్ని పొరలను, వాని మందములను, నిరోధములను ఊహించి, అట్టి నేలపై ఏ రేఖ రావలయునో గణించి, కొలతతో పోల్చి, భేదము తగ్గువఱకు ఊహను దిద్దును.

భేదము తగ్గెనని ఊహ నిజమైనట్లు కాదు. నిరోధమెక్కువగల పొరల నడుమ నిరోధము తక్కువగల పలుచని పొర యున్నపుడు, రేఖను నిర్ణయించునది దాని మందమును నిరోధముచే భాగించిన విలువ మాత్రమే. 4 మీటర్ల మందము, 40 ఓమ్-మీటర్ల నిరోధము గల పొరయు, 5 మీటర్ల మందము, 50 ఓమ్-మీటర్ల నిరోధము గల పొరయు ఇంచుమించు ఒకే రేఖనిచ్చును. ఈ రెంటిలో ఏది నిజమో ఏ కంప్యూటరును చెప్పజాలదు. సర్వే నివేదికలో ఒక్క అంకెయే యుండి, దాని హెచ్చుతగ్గుల హద్దులు లేనిచో, అది ఎంత రంగుల ముద్రణయైనను అసంపూర్ణమే.

నగరములో మఱియొక చిక్కు కలదు. 60 మీటర్ల లోతు తెలియుటకు 200 మొదలు 300 మీటర్ల వఱకు తిన్నని ఖాళీ నేల కావలయును. నాచారము సందులలో అది దుర్లభము. నేలలోని ఇనుప గొట్టములు, కేబుళ్ళు విద్యుత్తును ప్రక్కదారి పట్టించును. ఇక పగుళ్ళ సంగతి: లోతున గల సన్నని నిలువు పగులు, దానినిండ నీరున్నను, ఈ రేఖలో అగపడకపోవచ్చును.

సందేహము తీర్చునది ప్రక్కనున్న బోరు వృత్తాంతమే. గట్టి బండ ఏ లోతున తగిలెనో ఒక్కచోట తెలిసినచో, పొర మందము స్థిరపడి, పై రెండు ఊహలలో ఒకటి రాలిపోవును. నీరు, భూమి, చెట్ల రక్షణకై వచ్చిన 2002 నాటి వాల్టా చట్టము బోరునకు అనుమతి కోరుచున్నది. అనుమతి కాగితముతోపాటు పాఠకులు మఱియొక కాగితమును సిద్ధపఱచుకొనవలయును. బోరుబండి కదలక మునుపే మొరము ఎన్ని అడుగులకు ముగిసెనో, కేసింగు ఎంత దిగెనో, తొలి జల ఎక్కడ పడెనో దానిపై వ్రాయించి భద్రపఱచి, ప్రక్కింటివారు సర్వే చేయించుకొను నాడు వారికి చూపుడు. నీరు పడని బోరుదైనను సరే, ఆ కాగితమును పాఱవేయకుడు.