వాకిలి మాది, మోటరు ఎవురిది?

రిజిస్ట్రేషను అయిపోయిన తొమ్మిది దినాలకు పొద్దున్నే ఫోను. "అన్నా, కొళాయి తిప్పితే గాలి తప్ప నీళ్లు రావడం లేదు. బోరులో మోటరు యాడికి పోయె?" అని అడిగినాడు మా ఇల్లు కొన్నాయన. నాకు గొంతు ఎండిపోయింది. ఏంటికంటే మోటరు యాడుందో నాకు తెలుసు. అంతకు ముందు ఆదివారమే మా తమ్ముడు మనుషుల్ని పెట్టి పైపులన్నీ పైకి లాగించి, మోటరు తీసి, కోడుమూరులో కొత్తగా కట్టుకుంటాన్న ఇంటికి ఆటోలో వేసుకొని పోయినాడు. "రెండేండ్ల కింద నా దుడ్లు పెట్టి తెచ్చిన మోటరు. ఇల్లు అమ్మినాం గానీ మోటరు అమ్మినామా?" అన్నది వాని లెక్క.

ఆ లెక్క మా వాడొక్కనిదే కాదు. కర్నూలులో గానీ, కడపలో గానీ ఇల్లు అమ్మేటప్పుడు బేరమంతా సెంటు ఎంత, మొత్తం ఎన్ని లక్షలు, అడ్వాన్సు ఎంత, గడువు ఎన్ని నెలలు అన్న కాడే తిరుగుతాది. ఈసీ తీసి చూస్తారు, లింకు డాక్యుమెంట్లు చూస్తారు, వాస్తు ఆయప్పను పిల్చుకొచ్చి మూలలు కొలిపిస్తారు. ఇంట్లో ఉన్నవాటిల్లో ఏది ఇంటితో పోతాది, ఏది అమ్మినోని వెంట పోతాది అని మాత్రం ఎవురూ అడగరు. లక్షల బేరంలో ఫ్యాన్ల మాటెత్తితే చిన్నతనం అనుకుంటారు. ఆనేక ఆ ఫ్యాన్ల కాడే మొహాలు చూసుకోకుండా అయితారు.

ఈ ఇషయంలో చట్టం ఏమంటాదో చానామందికి తెలీదు. నాకూ తెలీదు, మోటరు గొడవ అయినాకనే చదివినా. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఉంది గదా, దాంట్లో 8వ సెక్షను. ఇల్లు అమ్మితే దాని వెంబడి తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితో పాటు శాశ్వతంగా వాడుకునేకి పెట్టిన తక్కిన వస్తువులన్నీ కొన్నోనికే పోతాయి. వేరే ఉద్దేశం చెప్పి ఉంటే తప్ప. ఈ చివరి ముక్కే ప్రాణం. చెప్తే మీది, చెప్పకపోతే వాళ్లది.

అదే చట్టం 3వ సెక్షనులో "భూమికి అంటుకున్నది" అంటే ఏందో రాసినారు. చెట్టు మాదిరి వేర్లతో భూమిలో ఉన్నది, గోడ మాదిరి భూమిలో పాతుకున్నది, అట్లా పాతుకున్నదాన్ని శాశ్వతంగా బాగా వాడుకునేకి దానికి బిగించినది. అంటే ఎంత గట్టిగా బిగించినారు అన్నదొక్కటే కాదు, దేనికోసం బిగించినారు అన్నదీ చూడల్ల. డంకన్స్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఒక ఎరువుల ఫ్యాక్టరీ యంత్రాల గురించి తీర్పు చెప్తా, బిగించినోని ఉద్దేశం ఏంది, శాశ్వతంగా ఉండేకే పెట్టినాడా అన్నది చూసి అవి స్థిరాస్తే అని తేల్చింది. అంత పెద్ద ఫ్యాక్టరీకి వాడిన కొలబద్దే మన ఇంటి మోటరుకూ పనికొస్తాది. ఇంటికి నీళ్లిచ్చే బోరులో దించిన మోటరు ఊరికే కొన్ని దినాలకని దించింది కాదు. తాళానికి తాళంచెవి ఎట్లనో, బోరుకు మోటరు అట్ల. గదిలో మూలన పడేసిన పాత మోటరైతే అది మనదే, తీసుకోనిపోవచ్చు. మా తమ్ముడు తీసింది బోరులోది. ఎవురు దుడ్లు పెట్టినారన్నది కొన్నోనికి సంబంధం లేని మాట. అది మా అన్నదమ్ముల మధ్య లెక్క.

ఇంగొకటి. అగ్రిమెంటు అయినప్పటి నుంచి ఇల్లు అప్పజెప్పేదాకా, బుద్ధున్న యజమాని తన ఆస్తిని ఎట్ల చూసుకుంటాడో అట్ల చూసుకోవల్లని 55వ సెక్షను అమ్మేవాళ్ల మీద బాధ్యత పెట్టింది. అడ్వాన్సు తీసుకున్నాక స్క్రూడ్రైవరు పట్టుకొని ఇల్లంతా తిరిగే పని లేదు.

అట్లని మేము ఏదీ అడగకుండా అమ్మినామని కాదు. వాకిలి గురించి అడిగినాము. మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో ఉండె. నాయన ఆ ఇల్లు కట్టినప్పుడు టేకు తెప్పించి, ఇంట్లోనే నెల దినాలు వడ్లాయనను పెట్టుకొని చేయించిన వాకిలి అది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చినప్పుడు బీరువా పోయింది, పరుపులు పోయినాయి, నాయన పుస్తకాలన్నీ బురద ముద్దయినాయి. ఆ వాకిలి మాత్రం అంతసేపు నీళ్లల్లో నానినా ఉబ్బలేదు. దాని మీద వరద నీళ్ల గీత ఇప్పటికీ కనపడతాది. అమ్మ ఒకటే మాట అనె. "ఇల్లు పోతే పోనీ, వాకిలి ఇయ్యను."

అడ్వాన్సు రోజే ఈ మాట చెప్పినాము. కొన్నాయన రొంతసేపు ఆలోచన చేసి, "వాకిలి చూసే నాకు ఇల్లు నచ్చింది గదన్నా" అన్నాడు. నిజమే, ఆయనదీ న్యాయమే. ఎక్కడన్నా వాకిలే గదా మొదట కనపడేది. కడప ఊరి పేరే గడప నుంచి వచ్చిందంటారు, తిరుమల కొండకు పోయేవాళ్లకు దేవుని కడప మొదటి గడప అని. ఆఖరుకు మేమే కొత్త టేకు తలుపు పెట్టించి ఇచ్చేటట్టు, పాతది మేము తీసుకునేటట్టు ఒప్పుకున్నాం. ద్వారబంధం కదిలించేది లేదు, తలుపు రెక్కలు మాత్రమే. అగ్రిమెంటులో ఒక లైను రాయించినాము. దానికి మాకు 26 వేలు పడింది గానీ మాట పడలేదు.

మోటరు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. వాకిలి విలువైందని అనుకున్నాం కాబట్టి మాట్లాడినాం. మోటరు మాటెత్తేదే మర్చిపోయినాం. మాకు గుర్తుకు రానిది ఆయనకు ఏప్రిల్ నెలలో నెత్తి మీద పడింది.

అన్నీ వాకిలి, మోటరు మాదిరి తేటగా ఉండవు. చట్టం చెప్పినదాన్ని మన ఇండ్లకు అన్వయిస్తే నాకు తోచింది ఇది. గోడలో పొదిగిన కడప బండల అరలు, వంటింటి గట్టు, కింద పరిచిన బేతంచెర్ల బండలు ఇంటివే. పెరట్లో ఊరికే పేర్చి పెట్టిన బండలు అమ్మినోనివి. మిద్దె మీద ట్యాంకు పైపులతో కలిపి ఉంటే ఇంటిదే. రోలు భూమిలో పాతి ఉంటే ఇంటిది, పక్కన పెట్టింటే మనది. టెంకాయ చెట్టు, మల్లె పొద ఇంటివి, కుండీలు మనవి. ఫ్రిజ్జు, మంచాలు, ఇన్వర్టరు బ్యాటరీ మనవే అనేకి పెద్దగా వాదన అక్కర్లేదు. ఫ్యాన్ల కాడ, ఏసీ కాడ, గీజరు కాడనే జగడం. గోడలో కట్టిన అల్మారా పోదు, గోడకు కొక్కేలేసి తగిలించింది పోతాది. మాడ్యులర్ కిచెనని లక్షలు పోసి చేయించుకున్నది ఇంటితో పోతాదనే అనుకోవల్ల. గ్యాసు కనెక్షను మాత్రం ఇంటిది కాదు, మనిషి పేరు మీదిది. దాన్ని ఇంటితో పాటు అమ్మినామనుకోవడం తప్పు.

సోలారు పలకలు కొత్త తలనొప్పి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చినాక, 3 కిలోవాట్లకు 78 వేల దాకా సబ్సిడీ ఇస్తాన్నారని మిద్దెల మీద పెట్టుకునేవాళ్లు జాస్తి అయినారు. పలకలు విప్పుకొని పోవచ్చు, నిజమే. కానీ వాటి నెట్ మీటరు ఆ ఇంటి కరెంటు సర్వీసుకు ముడిపడి ఉంటాది. పలకలు తీసుకుపోతే కొన్నోనికి మీటరు మిగులుతాది, మీకు మీటరు లేని పలకలు మిగుల్తాయి. ధర చెప్పి ఇంటితోనే ఇచ్చేది మేలనిపిస్తాది నాకు. ఇచ్చేటప్పుడు కరెంటాఫీసులో సర్వీసు పేరు మార్పిచ్చేది కూడా ఎవురి పని అన్నది తేల్చుకోవల్ల.

బాడుగకున్నోళ్ల సామాను ఇంగొక చిక్కు. మా పై పోర్షనులో ఉన్న పిల్లోడు సొంతంగా గీజరు, రెండు ఫ్యాన్లు బిగించుకున్నాడు. కొన్నాయన ఇల్లు చూసేకి వచ్చినప్పుడు అవీ ఇంటివే అనుకున్నాడు. బాడుగకున్నోళ్లు తాము బిగించినవాటిని, ఇంట్లో ఉన్నన్నాళ్లలో ఇంటిని మళ్లా ముందు మాదిరి చేసి తీసుకోనిపోవచ్చని 108వ సెక్షను చెప్తాది. వాళ్లవి చూపించి మనం బేరం చేయగూడదు.

పల్లెల్లో పాత మిద్దెలు అమ్మేటప్పుడు కథ తిరగబడతాది. చౌడు మిద్దెను కొనేవాడు దాన్ని పడగొట్టి కొత్తది కట్టేకే కొంటాడు. వానికి కావల్సింది జాగా. దూలాలు, దంతెలు, ద్వారబంధాలు అమ్మినోళ్లే తీసుకోని పోతారులే అన్నది చానా ఊర్లల్లో అలవాటు. అలవాటు మీద నమ్మకం పెట్టుకొని రాసుకోరు. తీరా పాత టేకుకు ఎవురో మంచి ధర చెప్తానే, "దస్తావేజులో దూలాలు మినహాయించినారా?" అని అడుగుతారు. చట్టం లెక్కన అడిగినోడే గెలుస్తాడు. మన జిల్లాలో కొయ్యకు ఉన్న విలువ పట్నమోళ్లకు అర్థం కాదు. 1981లో శ్రీశైలం నీళ్లు మీదికొచ్చినప్పుడు ముంపు ఊర్లోళ్లు ఇండ్లు వదిలి పోవల్సి వచ్చె. గోడలు వదిలి పోయేది తప్పదు, దూలం వదిలి పోయేకి ఎవురికి మనసు ఒప్పుతాది? ఆ ముంపులో కూడవెల్లి సంగమేశ్వరుని గుడినే రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లా నిలబెట్టినారు. విప్పి మళ్లా కట్టుకోవచ్చు అనుకున్నదాన్ని మనోళ్లు ఊరికే వదల్లేదు.

ఇంగ్లండులో అయితే ఇల్లు అమ్మేటోళ్లు దీనికోసమే ఒక ఫారం నింపి ఇస్తారు. కర్టెన్ల కడ్డీలు, దీపాలు, తోటలో చెట్లతో సహా ఒక్కొక్కటి ఉంటాదా, తీసుకుపోతామా అని గీతలు పెట్టల్ల. మనకు అట్లాంటి ఫారం లేదు. ఉన్నదల్లా అగ్రిమెంటు, దాని వెనక అతికించుకునే ఒక తెల్ల కాయితం. అది చాలు. అడ్వాన్సు ఇయ్యకముందే ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి, గది గదికి ఏమేమి ఉంటాయో, ఏమేమి పోతాయో రాసి సంతకాలు పెట్టుకోవల్ల. సెల్లులో వీడియో తీసుకుంటే ఇంకా నయం. తీసేచోట బొక్కలు పూడ్చి సున్నం కొట్టేది ఎవురో కూడా రాయల్ల. బ్రోకరు "అయ్యేవన్నీ చిన్నయి అన్నా, నేనుంటా గదా" అంటాడు. కమీషను తీసుకున్నాక ఆయన ఫోను ఎత్తితే అదృష్టం.

ఒక జాగ్రత్త. అగ్రిమెంటులో మినహాయింపు రాసుకొని, ఆనేక దస్తావేజులో అలవాటు చొప్పున "తలుపులు, కిటికీలు, బోరు, మోటరు, కరెంటు మీటరు సహా" అని రాయించుకుంటే, ఏది నమ్మల్లో అని కొత్త పేచీ పుడుతాది. మా దస్తావేజులో అట్లే ఉండె. చదవకుండా సంతకాలు పెట్టినాం. రిజిస్ట్రేషనుకు ముందే వాకిలి మార్చేసినాం కాబట్టి దాని మీద మాట రాలేదు. మోటరు మీద మాత్రం అదే లైను మా మొహానికి చూపించినారు.

ధర సంగతి. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం 1.5, రిజిస్ట్రేషను ఫీజు 1, మొత్తం 7.5 శాతం పడతాది. ఇంటితో పాటు మంచాలు, ఫ్రిజ్జు, ఏసీ లాంటి కదిలే సామాను కూడా కొంటాంటే దానికి వేరే రశీదు రాసుకుంటే, ఆ దుడ్ల మీద ఈ సుంకం ఏంటికి కట్టల్ల? ఇది న్యాయమైన మాటే. ఇంటి ధర తగ్గించేకి పాత ఫ్రిజ్జుకు 3 లక్షలు రాస్తే మాత్రం అది తెలివి కాదు, పట్టుపడేకి దారి.

మా గొడవ ఎట్ల తీరిందంటే, తాళాలిచ్చినాక ఇస్తానన్న 1 లక్ష కొన్నాయన పట్టి పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో ముసలామె ఉంది, ఆరు దినాలు ట్యాంకరు నీళ్లు పోయించుకున్నారు. తమ్ముడు మూడు దినాలు నాతో మాట్లాడలేదు. "నువ్వు ఆయప్ప పక్కన చేరినావు" అన్నాడు. ఆఖరుకు నేనే వానికి మోటరు దుడ్లు 18 వేలు ఇచ్చి, ఆ మోటరునే తెచ్చి, మళ్లా బోరులో దించే కూలి నేనే పెట్టుకున్నా. నీళ్లొచ్చిన సాయంత్రమే లక్ష నా ఖాతాలో పడింది.

వాకిలి రెక్కలు ఇప్పుడు కోడుమూరులో తమ్ముని ఇంట్లో ఉండాయి. కొత్త ద్వారబంధం ఎత్తు 7 అడుగులు, పాత రెక్కలు 6 అడుగులు. కింద ముక్క అతికిద్దామని వడ్లాయన అంటాడు, వరద గీత పైకి పోతాదని అమ్మ వద్దంటాది. ప్రస్తుతానికి గోడకు ఆనించి పెట్టినారు.